పొలిమేర రాయి, పొరుగువాని పాలు

పఠనీయ భాగములు: ద్వితీ. 19:14, 27:17, సామె. 23:10, 11, యెహె. 46:18, 47:21–23, యెహో. 22 అధ్యా.

గుజరాత్ రాష్ట్రములోని సూరత్ నగరమునకు ఆగ్నేయ దిక్కున గోడాదరా అను పేట కలదు. ఒకప్పుడది పొలముల నడుమనున్న పల్లె. నేడు ఇండ్లతోను, దుకాణములతోను క్రిక్కిరిసియున్నది. ఇక్కడను, దీనికి చేరువనున్న లింబాయత్, పర్వత్ పాటియా ప్రాంతములలోను తెలుగువారు పెద్ద సంఖ్యలో నివసించుచున్నారు. వీరిలో అనేకులు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి మరమగ్గముల పనికై తరలివచ్చిన పద్మశాలి కుటుంబములవారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమములో కూడ పాఠశాలలు నడుపుచున్నదనగా, ఈ జనులు అక్కడ ఎంతగా వేరూనుకొనిరో తెలియగలదు.

మగ్గముమీద రాత్రి పాళీ, పగటి పాళీ పనిచేసి, కడుపు కట్టుకొని, చీటీలు కట్టి కూడబెట్టిన సొమ్ముతో ఒక చిన్న ప్లాటు కొనుట ఇట్టివారికి జీవితమంతటిలో ఒక్కసారి జరుగు సంగతి. కనుక గోడ కట్టుటకు పునాది త్రవ్విన దినమున గాని, పాత ఇంటిని పడగొట్టి తిరిగి కట్టబోయిన దినమున గాని, పొరుగువాని గోడ తమ స్థలములో కొంత ఆక్రమించియున్నదని టేపు చెప్పినప్పుడు, పోయినది కొన్ని అంగుళములే అయినను వారికది కొన్ని సంవత్సరముల కూలిగా తోచును. “అన్నా, నీ గోడ నా జాగల కొచ్చింది” అని ఒకడనును. “ఏం మాట్లాడుతున్నవ్ తమ్మీ, ఇరువై ఏండ్ల సంది గీ గోడ గిట్లనే ఉన్నది” అని మరియొకడు బదులిచ్చును. ఆ దినమువరకు ఒకరి ఇంటి పెండ్లికి ఒకరు వంటపాత్రలు మోసినవారు మరునాటినుండి ఎదురుపడినను పలుకరించుకొనరు. ఆదివారమున ఒకే ఆరాధనలో, ఒకే చాపమీద కూర్చుండువారి మధ్యను ఇట్లు జరుగవచ్చును. ఈ విషయమై పరిశుద్ధ గ్రంథము ఏమి బోధించుచున్నదో శ్రద్ధగా చూడవలసియున్నది.

మొదట మాటలను గమనింతము. కోస్తా జిల్లాలలో గట్టు అనునదే తెలంగాణలో గెట్టు. గెట్టు పంచాయితీ అనిన పదమునకు అక్కడ వివరణ అక్కరలేదు. తరతరముల వైరమంతయు ఆ రెండు మాటలలోనే యున్నది. ఆంధ్ర ప్రాంతపు దస్తావేజులలో నాలుగు ప్రక్కల హద్దులను చెక్కుబంది యని వ్రాయుదురు. హెబ్రీ భాషలో గెబూల్ అను పదము హద్దు అనియు, ఆ హద్దులోపలనున్న భూమి అనియు రెండర్థముల నిచ్చును. హేబెల్ అను మరియొక పదమునకు కొలనూలు అనియు, ఆ నూలుతో కొలిచి యిచ్చిన పాలు అనియు అర్థము. పదునారవ కీర్తనలో దావీదు తనకు మనోహరమైన స్థలములలో పాలు దొరికెనని సంతోషించునప్పుడు వాడినది ఈ మాటయే. హెబ్రీయుడు హద్దును గూర్చి పలికినప్పుడెల్ల, అది ఎవరో కొలిచి యిచ్చినదను తలంపు దానిలో ఇమిడియున్నది. ఇశ్రాయేలు దేశమంతయు యెహోవాది. కుటుంబములకు చీట్లవలన వచ్చినది అనుభవించుటకు ఇయ్యబడిన స్వాస్థ్యము. కాబట్టి రాతిని జరిపినవాడు పొరుగువాని భూమిని మాత్రమే గాక పంచి యిచ్చినవాని తీర్పును కూడ జరుపుచున్నాడు.

ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో ఈ ఆజ్ఞ యున్న చోటును చాలమంది గమనింపరు. దానికి ముందు, పొరపాటున నరహత్య చేసినవాడు పారిపోవలసిన ఆశ్రయపురములను గూర్చిన విధులున్నవి. అచ్చట అడవిలో గొడ్డలి పిడినుండి ఊడి పొరుగువానికి తగులుట ఉదాహరణముగా ఇయ్యబడెను. దానికి తరువాత, ఒక్క సాక్షి చాలడనియు, అబద్ధసాక్షికి ఏమి చేయవలెననియు చెప్పబడినది. నడుమ ఒంటరిగా ఈ ఒక్క వచనము. ఇది త్రోవ తప్పి యిక్కడికి వచ్చిన వచనమని కొందరు వ్యాఖ్యాతలు తలంచిరి. గాని గెట్టు పంచాయితీలను కన్నులార చూచిన పల్లెవానికి ఈ క్రమములో వింత యేమియు కనబడదు. హద్దు రాయి కదలినచోట ఒక ప్రక్క గొడ్డలియు, మరియొక ప్రక్క అబద్ధసాక్ష్యమును సిద్ధముగా నుండును.

అదే గ్రంథము 27వ అధ్యాయములో లేవీయులు బిగ్గరగా చదువగా జనులందరు ఆమేన్ అనవలసిన పండ్రెండు శాపములున్నవి. వాటిలో ఒకటి పొరుగువాని హద్దు జరుపువానిమీద నున్నది. ఆ పట్టికలో విగ్రహమును చాటున నిలుపువాడు, గ్రుడ్డివానిని త్రోవ తప్పించువాడు, చాటున పొరుగువానిని కొట్టువాడు ఉన్నారు. ఇవన్నియు సాక్షులు దొరకని పాపములు. న్యాయస్థానము పట్టుకొనలేని చోట జనులే తమ నోటితో తమమీదకి శాపమును రప్పించుకొనవలసి వచ్చెను. రాత్రివేళ జానెడు దూరము జరిగిన రాతికి మరునాడు ఏ సాక్షియు ఉండడు గదా. బబులోనును కస్సీయ రాజులేలిన కాలములో భూదాన శాసనములను రాళ్లమీద చెక్కి, వాటిని చెడగొట్టువానిమీద దేవతల శాపములు వ్రాయించిరి. కుదుర్రు లనబడు ఆ రాళ్లు నేటికిని వస్తు ప్రదర్శనశాలలలో కలవు. రోమీయులు హద్దులకు తెర్మినుస్ అను దేవుని కల్పించుకొని, ఫిబ్రవరి 23వ తేదీన పొరుగువారు ఇరువురును కూడి రాతికి దండలు వేయు పండుగ చేసిరి. ఇశ్రాయేలులో రాతికి పూజ లేదు. రాతి వెనుక నిలిచిన పొరుగువాడే లెక్కలోనివాడు.

సామెతలు 23వ అధ్యాయములో ఆ పొరుగువాడెవడో తేటపడుచున్నది. తండ్రిలేనివారి పొలములో చొరబడకుమని అచ్చట హెచ్చరిక. పురాతనమైన అని మనము చదువు హెబ్రీ పదమును కొద్దిగా మార్చినయెడల విధవరాలి అను అర్థము వచ్చునని కొందరు పండితులు సూచించిరి. ఐగుప్తీయుడగు అమెనెమోపే వ్రాసిన ఉపదేశములోని ఆరవ భాగము విధవరాలి హద్దులను ప్రస్తావించుటయే వారి ఆధారము. మార్పు లేకయే పాఠము స్పష్టముగా నున్నందున దానిని అట్లే యుంచుట మేలు. ముఖ్యమైనది తరువాతి వచనము: తండ్రిలేనివారికి బలవంతుడగు గోయేల్ ఉన్నాడు. గోయేల్ అనగా బంధువుల భూమిని విడిపించు రక్తసంబంధి. అట్టి బంధువు లేనివారి పక్షమున దేవుడే ఆ స్థానములో వ్యాజ్యెమాడునని సామెత చెప్పుచున్నది.

దూరదేశమున నున్న కూలివాడు ఈ విషయములో తండ్రిలేనివానితో సమానుడు. సూరత్‌లో మగ్గము నడుపువాని ఎకరము తెలంగాణలో నుండును. ఏటేట దున్నువాడు గెట్టును ఒక చాలు మేర కోసినను అడుగువాడు ఊరిలో నుండడు. తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి వ్యవస్థకు బదులుగా 2025లో భూభారతి చట్టము వచ్చెను. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నూరేండ్ల తరువాత సమగ్రమైన భూముల పునఃసర్వే 2020 డిసెంబరు 21న ఆరంభమాయెను. రికార్డులు మారు కాలములో ఊరిలో లేనివాని పాలు ఎవరో ఒకరు కనిపెట్టియుండవలెను. ఊరిలో మిగిలిన సహోదరుడు ఆ పని చేయునా, లేక తానే చాలు కోయునా అనుటలో అతని భక్తి బయటపడును.

గోడాదరా వంటి పేటలలో హద్దు తప్పుటకు ప్రతిసారియు దొంగ యుండనక్కరలేదు. వ్యవసాయభూమిని ఒకడు గీతలు గీసి ప్లాట్లుగా విక్రయించెననుకొనుడి. వరుసలో 20 ప్లాట్లు. ఒక్కొక్కటి 15 అడుగుల వెడల్పు. మొదటివాడు గోడ మందమును తన హద్దుకు వెలుపల వేసి 3 అంగుళములు అధికముగా తీసికొనెను. రెండవవాడు మొదటివాని గోడనుండి కొలిచి, తానును అట్లే చేసెను. 19 మంది అట్లు చేసిన తరువాత 57 అంగుళములు, అనగా 4 అడుగుల 9 అంగుళములు తరిగిపోవును. ఇరువదియవవానికి మిగిలినది 10 అడుగుల 3 అంగుళములే. పందొమ్మిదిమందిలో ఎవడును తాను దొంగిలితినని యెరుగడు. ప్రతివాడును మూడు అంగుళములే గదా అనును. చివరివానికి, అనగా సాధారణముగా అందరికంటె ఆలస్యముగా డబ్బు కూడబెట్టుకొనగలిగిన బీదవానికి, గది పట్టదు. పొరుగువాడనగా ప్రక్కయింటివాడు మాత్రమే కాడనియు, వరుస చివర నున్నవాడును పొరుగువాడే యనియు ఈ లెక్క బోధించుచున్నది. ఆమోసు దినములలోని దొంగ త్రాసులు బయటపెట్టినట్లు టేపు కూడ బయటపెట్టగలదు.

కొలతల చరిత్రయు దీనికి తోడగును. బొంబాయి, హైదరాబాదు సర్వేలలో 33 అడుగుల గొలుసు వాడిరి. చదరపు గొలుసు ఒక గుంట, అనగా 121 చదరపు గజములు. 40 గుంటలు ఒక ఎకరము. మద్రాసు వైపున 66 అడుగుల గంటరు గొలుసు వాడుకలో నుండెను. గుజరాతులో జనులు వీఘాలలో మాటాడుదురు. గొలుసుతో కొలిచిన పొలమును టేపుతో ముక్కలు చేసి, నేడు ఉపగ్రహ సంకేతములతో సరిచూచినప్పుడు లెక్క తేలకపోవుటలో ఆశ్చర్యమేమి? దస్తావేజులో విస్తీర్ణము ఒకటిగాను, నాలుగు ప్రక్కల హద్దులు వేరొకటిగాను ఉన్నయెడల, సామాన్యముగా హద్దులనే న్యాయస్థానములు బలమైనవిగా ఎంచుచున్నవి. కాగితముమీది గజముల అంకెను మాత్రమే నమ్ముకొన్నవాడు ఇక్కడనే తొట్రిల్లును. నోటరీ కాగితముమీద, లేక ముఖ్తియారునామామీద కొన్నవాని పరిస్థితి మరింత కష్టము. అట్టి పత్రములవలన స్థిరాస్తిపై యాజమాన్యము సంక్రమింపదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టముగా తీర్పు చెప్పినది.

గుజరాత్‌లో మరియొక సంగతియు కలదు. పట్టణము పెరుగునప్పుడు నగర ప్రణాళిక పథకము, అక్కడివారు టి.పి. స్కీము అని పిలుచునది, పాత పొలముల హద్దులను చెరిపి క్రొత్త హద్దులను గీయును. ఈ పద్ధతి 1915 నాటి బొంబాయి చట్టమునుండి వచ్చినది. ఇప్పుడు 1976 నాటి గుజరాత్ చట్టము అమలులో నున్నది. ఒకని ఒరిజినల్ ప్లాటును తీసికొని, దానిలో కొంత తగ్గించి, ఫైనల్ ప్లాటుగా తిరిగి యిత్తురు. పథకపు భూమిలో 15 శాతము రహదారులకు, 5 శాతము తోటలకు, 5 శాతము సామాజిక అవసరములకు, 15 శాతము సంస్థ అమ్ముకొనుటకు కేటాయింపవచ్చునని చట్టము చెప్పుచున్నది. 2006లో సూరత్ నగరపు వైశాల్యము సుమారు 112 చదరపు కిలోమీటర్లనుండి 326కు పెరిగెను. అంత భూమికి క్రొత్త గీతలు గీయవలసి వచ్చినప్పుడు తన ఇంటి మూలమీదుగా రహదారి గీత పోవుట చూచి నివ్వెరపోవువారుండుట సహజమే.

ఇది పొలిమేర రాతిని తీయుట కాదా అని భక్తులు అడుగవచ్చును. ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పరాదు. ధర్మశాస్త్రము నిషేధించినది ఒకడు తన లాభముకొరకు చాటున చేయు పని. అందరి యెదుట, అందరిని వినిపించుకొని, అందరి భూమిలోనుండి సమానముగా తీసికొని త్రోవలు వేయుట వేరు. యెహెజ్కేలు దర్శనములో దేశమంతయు క్రొత్తగా పంచబడుచున్నది. పాత గోత్రపు హద్దులు అచ్చట నిలువలేదు. గాని ఆ పంపకమునకు ముందే, 46వ అధ్యాయములో, అధిపతి జనుల స్వాస్థ్యమును బలాత్కారముగా తీసికొని వారిని వెళ్లగొట్టరాదని కట్టడ యున్నది. హోషేయ యూదా అధిపతులను హద్దు రాళ్లు తీయువారితో పోల్చెను. ఇంటికి ఇల్లు, పొలమునకు పొలము కలుపుకొనువారికి యెషయా శ్రమ ప్రకటించెను. అహాబు నాబోతు ద్రాక్షతోటను తీసికొన్నది ముద్రవేసిన తాకీదులతోను, ఏర్పరచిన సాక్షులతోను గదా. చట్టపు రూపము ఉన్నంత మాత్రమున నీతి యున్నదని గ్రంథము ఒప్పుకొనదు.

యెహెజ్కేలు 47వ అధ్యాయపు చివరి వచనములు గోడాదరాలో చదువదగినవి. ఇశ్రాయేలీయుల మధ్య నివసించి అక్కడ పిల్లలను కనిన పరదేశులకును, ఏ గోత్రములో వారు కాపురమున్నారో ఆ గోత్రములోనే స్వాస్థ్యము ఇయ్యవలెనని ప్రవక్త పలికెను. మోషే ధర్మశాస్త్రములో పరదేశికి పరిగె యున్నది, విశ్రాంతి యున్నది, న్యాయము ఉన్నది. గోత్రముల పంపకములో భూమి పాలు మాత్రము లేదు. బబులోనులో తామే పరదేశులై యుండిన జనులకు దేవుడు ఈ మాట వినిపించెను. క్రొత్త పథకపు ముసాయిదా ప్రకటింపబడినప్పుడు ఆక్షేపణలు తెలుపుటకు చట్టము ఒక నెల గడువు ఇచ్చుచున్నది. గుజరాతీ ప్రకటన చదువలేని వలసకూలికి ఆ నెల తెలియకయే గడచిపోవచ్చును. గుజరాతీ చదువనేర్చిన యౌవనస్థుడొకడు సంఘములో నున్నయెడల, అట్టి ప్రకటనను చదివి వరుసయంతటికిని తెలుగులో వినిపించుట ఒక ప్రసంగమంత మేలైన పరిచర్య.

వలసవచ్చినవారి హద్దుల సంగతి పురాతన పత్రములలోను కలదు. ఐగుప్తు దక్షిణపు అంచున, నైలు నదిలోని ఎలిఫెంటీన్ ద్వీపమున, పారసీక రాజుల క్రింద యూదా సైనికులు కుటుంబములతో కాపురముండిరి. వారి ఇండ్ల దస్తావేజులు అరామిక్ భాషలో వ్రాయబడి నేటివరకు నిలిచియున్నవి. క్రీ.పూ. 471లో కొనయా అను అరామీయుడు మహ్సేయా అను యూదుని ఇంటిని ఆనుకొని గోడ కట్టుటకు అనుమతి పొంది, ఆ గోడ మహ్సేయాదే యనియు, తాను అడ్డుపడినయెడల అపరాధము చెల్లింతుననియు వ్రాసియిచ్చెను. క్రీ.పూ. 464లో దర్గమాన అను ఖ్వారెజ్మ్ దేశపు సైనికుడు మహ్సేయా భూమి తనదని వ్యాజ్యెమాడెను. మహ్సేయా తన దేవుని పేరట ప్రమాణము చేయగా, దర్గమాన దావా విడిచి పత్రము వ్రాసియిచ్చెను. అయిదేండ్ల తరువాత, క్రీ.పూ. 459లో, మహ్సేయా తన కుమార్తె మిబ్తహ్యాకు స్థలమిచ్చి దాని చెక్కుబంది వ్రాయించెను: పైప్రక్క దర్గమాన ఇల్లు, క్రిందిప్రక్క కొనయా ఇల్లు, తూర్పున ఇద్దరు యూదుల ఇండ్లు, పడమట ఒక ఐగుప్తీయ పడవవాని ఇల్లు. వ్యాజ్యెమాడినవాడే ఇప్పుడు హద్దునకు గుర్తుగా నిలిచెను. ఒకప్రక్క మరాఠీ, ఒకప్రక్క ఒడియా, ఎదుట గుజరాతీ కుటుంబమున్న తెలుగువాని దస్తావేజుకును దీనికిని భేదము స్వల్పమే.

వారు ప్రమాణముతోను, సాక్షులతోను, పత్రముతోను వివాదమును ముగించిరి. యిర్మీయా కూడ అనాతోతు పొలమును కొన్నప్పుడు వెండిని తూచి, సాక్షులను పిలిచి, ముద్రవేసినది ఒకటి, విప్పియున్నది ఒకటి, రెండు పత్రములను మంటికుండలో పెట్టించెను. బబులోను సైన్యము పట్టణమును ముట్టడించియున్న దినములలో ఇట్లు చేసెనని మరువరాదు. కాగితము సరిగా వ్రాయించుకొనుట అవిశ్వాసమని బోధించువారు యిర్మీయా 32వ అధ్యాయమును మరల చదువుట మంచిది.

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయము ఈ విషయములో తరచుగా ఉదాహరింపబడుచున్నది, తరచుగా అపార్థము చేసికొనబడుచున్నది కూడ. సహోదరులు ఒకరిమీద ఒకరు వ్యాజ్యెమాడుటకంటె అన్యాయము సహించుట మేలని అపొస్తలుడు చెప్పెను. అయితే ఆయన అదే స్థలములో, తీర్పు తీర్చగల బుద్ధిమంతుడొక్కడైనను మీలో లేడా అని వారిని సిగ్గుపరచెను. సహోదరులకే అన్యాయము చేయుచున్నారని గద్దించెను. సంఘపెద్ద బలవంతునితో మాటాడక, బలహీనుని ఇంటికి మాత్రము పోయి, సమాధానము కొరకు విడిచిపెట్టుమని హితవు చెప్పినయెడల, అతడు పౌలు మాటను సగమునకు కోసినవాడగును. తన హక్కును తానే విడిచిపెట్టుట క్రీస్తు మార్గము. విధవరాలి హక్కును ఆమె పక్షముగా మరియొకడు విడిచిపెట్టుట అట్టిది కాదు. అబ్రాహాము లోతుకు ఎన్నుకొనుమని చెప్పినప్పుడు పెద్దవాడు చిన్నవానికి చోటిచ్చెను. ఇస్సాకు ఏశెకు, శిత్నా బావులను విడిచి రహెబోతుకు సాగిపోయినప్పుడు, మరియొక బావి త్రవ్వుకొను బలము అతనికి ఉండెను. పది అడుగుల గది తప్ప మరేమియు లేనివానికి రహెబోతు ఎక్కడ?

పండ్రెండేండ్ల గడువును గూర్చియు ఒక మాట చెప్పవలెను. 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము, ఒకడు పరుల భూమిని బాహాటముగా, యజమానికి విరోధముగా పండ్రెండేండ్లు అనుభవించినయెడల, అసలు యజమాని దావా సాధారణముగా చెల్లదు. లోకములో వివాదములకు అంతముండవలెను గనుక ఇట్టి నియమము అవసరమే. గాని తన గోడ పొరుగువాని నేలమీద నున్నదని ఎరిగియున్న విశ్వాసి పదమూడవ సంవత్సరమున నిశ్చింతగా నిద్రపోవచ్చునా? జక్కయ్య గడువును లెక్కింపలేదు. గోడ పడగొట్టుట ఇద్దరికి నష్టమైనచో, ఆ నేలకు నేటి వెల కట్టి యిచ్చి, పత్రము వ్రాసి నమోదు చేయించుట కలదు. ఒప్పుదల కుదిరినయెడల లోక్ అదాలతులో దాఖలు చేయవచ్చును. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము దాని నిర్ణయము అంతిమము, దానిమీద అప్పీలు లేదు.

యెహోషువ 22వ అధ్యాయము ఈ పాఠమునకు చివర చదువదగినది. యొర్దాను అంచున తూర్పు గోత్రములవారు ఒక గొప్ప బలిపీఠము కట్టిరి. పడమటి గోత్రములవారు విని యుద్ధమునకు షిలోహులో కూడిరి. అయినను కత్తి దూయకమునుపు యాజకుడైన ఫీనెహాసును, గోత్రమునకు ఒకని చొప్పున పదిమంది ప్రధానులను పంపిరి. ఆ రాయబారులు నిందతోనే మాటలారంభించిరి; గాని మీ భూమి మీకు అపవిత్రముగా తోచినయెడల మా స్వాస్థ్యములోనికి వచ్చి పాలు తీసికొనుడనియు అనిరి. తమ నేలలో చోటిచ్చుటకు ముందుగానే తెగించి నది దాటిరి. అవతలివారు, తమ పిల్లలు రేపు పరాయివారిగా ఎంచబడుదురేమో అను భయముచేత కట్టితిమని విప్పి చెప్పిరి. ఆ పీఠము బలుల కొరకు కాదు, ఇరుపక్షముల మధ్య సాక్షిగా నుండుటకే యని తెలిసి, పదిమంది ప్రధానులును ఫీనెహాసును ఇండ్లకు తిరిగి వచ్చి ఆ మాట జనులకు తెలియజేసిరి.